వంటింటి గుమ్మం ముందు మొదటి రాయి

మా పక్కింటి అంకుల్ పోయారు. బ్లాంచర్డ్స్‌టౌన్ ఆస్పత్రి నుంచి కబురొచ్చిన ఆ మధ్యాహ్నం, ఎప్పుడూ వాన కురిసే మా పరదేశపు ఊరు క్లోనీలో ఎండ కాసింది. ఆయనే ఉంటే, "ఇది ఎండ కాదురా, శాంపిల్" అనేవారు.

పాఠకులారా, ఆయన వృత్తిరీత్యా మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ప్రవృత్తిరీత్యా సొంత పెరట్లో రాళ్లు పరిచిన మహనీయుడు. రాళ్ల దుకాణానికి నీళ్ల సీసాతో వెళ్లేవారు. నచ్చిన ప్రతి రాయికీ అభిషేకం చేసి, నడుం మీద చేతులేసుకుని చూసేవారు.

"రాయిని తడిపి కొనాలెరా. ఎండిన రాయి పెండ్లిచూపులకొచ్చిన పిలగాని లెక్క, మస్తు మంచిగ కనవడ్తది."

చివరికి నల్ల సున్నపురాయి కొన్నారు, ఆంటీ వేసే ముగ్గు తెల్లగా కనబడాలని. ఈ దేశపు వానకి ముగ్గు నిలవదన్న సంగతి ఇద్దరికీ తర్వాత గుర్తొచ్చింది.

మొదటి రాయి వంటింటి గుమ్మం ముందు వేశారు. గొడుగు కింద కొబ్బరికాయ కొట్టి, రబ్బరు సుత్తికి బొట్టు పెట్టారు. కంచె ఇవతల నుంచి నేను నోటితో శంఖం ఊదాను. వాలు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఆయన కప్పులో మిగిలిన చాయ్ రాతి మీద ఒంపేవారు. అది తోటవైపు పారితేనే పక్క రాయి. తర్వాత సుత్తి పిడితో తట్టి, చెవి ఆనించి వినేవారు. బోలుగా పలికితే కింద ఖాళీ ఉన్నట్టు.

ఆ మొదటి రాయి మాత్రం ఆయన కాలు పెడితే ఊగినట్టు 'ఠక్'మనేది. రోజూ పొద్దున చాయ్ కప్పుతో వచ్చి దాని మీదే నిలబడేవారు. బాగుచేయమని ఆంటీ పోరితే, "శనివారం చేస్త" అనేవారు. ఏ శనివారమో ఎన్నడూ చెప్పలేదు.

ఆయన పోయాక కూడా పొద్దున్నే ఆ రాయి ఠక్‌మంటోంది. మా ఇంట్లోకీ వినబడుతోంది. ఇక్కడి పెరళ్లలో తిరిగే నక్క అనుకున్నాను. నక్కకు చాయ్ వేళ ఎలా తెలుసో ఆలోచించలేదు.

వాళ్లమ్మాయి ఆ రాయి తీసి మళ్లీ వేయడానికి ఒకతన్ని మాట్లాడింది. "మామ్, యూ విల్ ట్రిప్ ఆన్ ఇట్. జస్ట్ గెట్ ఇట్ ఫిక్స్‌డ్, ఇట్ విల్ బీ గ్రాండ్."

అతను వచ్చే ముందురోజు ఆంటీ నన్ను పిలిచింది.

"రోజూ ఆయన్ని ఎక్కిరిచ్చుకుంట చూసినవ్ కద బిడ్డా. ఆ రాయి నిజంగ ఊగుతుందా చూడు. ఆ సప్పుడుకు భయమైతుంది నాకు. రేపటి సంది వినవడదేమో అంటే ఇంకింత భయమైతుంది."

రాతి మీద గెంతాను. కదల్లేదు. అంకుల్ సుత్తితో తట్టి, చల్లటి రాతికి చెవి ఆనించాను. కింద ఎక్కడా ఖాళీ లేదు.

"ఆంటీ, ఇది ఊగే రాయి కాదు."

సుత్తిని గుమ్మం పక్కన పెట్టేశాను.

మర్నాడు పొద్దున వాళ్ల వంటింట్లో కూర్చున్నాను. బయట తుంపర. ఆంటీ రెండు కప్పుల్లో చాయ్ పోసింది. ఒకటి నాకేననుకుని చెయ్యి చాపాను.

"నీకు వేరే పోస్త, ఆగు."

ఠక్.

ఇద్దరం అద్దాల తలుపు దగ్గరికి వెళ్లాం. పెరట్లో ఎవరూ లేరు. వెనక టేబుల్ మీద రెండు కప్పులూ నిండుగానే ఉన్నాయి. ఆంటీ అద్దం మీది ఆవిరిని కొంగుతో తుడిచింది.

"ఆ పనాయన్ని రావద్దని చెప్పు బిడ్డా" అంది.

వానకి నల్లగా మెరుస్తున్న రాళ్ల మీద, మొదటి రాయి నుంచి సన్నటి చాయ్ చార ఒకటి ఆవిర్లు కక్కుతూ, నెమ్మదిగా, తోటవైపే పారుతోంది.