కర్ట్ చూపించిన వేళ్ళు

లైల్ హ్రుస్కా మోచేతి లోపలివైపు జానెడు కుట్ల మచ్చ ఉంటుంది. బేస్‌బాల్ పెద్ద లీగులో రెండేళ్ళు పిచ్చర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా ఉండి, విసరమన్నన్ని బంతులు విసిరి, చెయ్యి పోగొట్టుకుని ఇరవై ఆరేళ్ళకే ఇంటికొచ్చాడు. ఇప్పుడు నెబ్రాస్కాలో తను చదివిన కాలేజీలోనే పిచ్చర్లకు నేర్పుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మైదానం మట్టి చదును చేసేది నేనే.

లైల్‌కి ఒక్కటే పంతం. తన దగ్గర నేర్చుకునే కుర్రాడెవడూ ఒక ఆటలో వంద బంతులు దాటకూడదు. టోబిన్ ఎక్‌దాల్ చేరిన రోజునే మాటిచ్చాడు.

"వంద కాగానే నేనొచ్చి బంతి లాక్కుంటా. లెక్క నీకెందుకు, అది నా పని."

హెడ్ కోచ్ కర్ట్ వాండెవీర్ సరేనన్నాడు. చదువుకునే రోజుల్లో లైల్ విసిరిన బంతులు పట్టిన క్యాచర్ ఈ కర్టే. ఏ బంతి వెయ్యాలో క్యాచర్ వేళ్ళతో సైగ చేస్తాడు. నచ్చకపోతే పిచ్చర్ తల అడ్డంగా ఊపొచ్చు. నాలుగేళ్ళలో లైల్ ఒక్కసారీ ఊపలేదు. కర్ట్‌ని అంత గుడ్డిగా నమ్మాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం టోబిన్ చెలరేగిపోయాడు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఐదు గడిచినా అవతలి జట్టులో ఒక్కడూ బంతి కొట్టి బేస్ చేరలేదు, ఒక్క హిట్ దక్కలేదు. చివరిదాకా అలాగే నిలిస్తే పిచ్చర్‌కీ కోచ్‌కీ జీవితంలో ఒక్కసారి దొరికే ఘనత. అలాంటప్పుడు మావాళ్ళెవరూ ఆ సంగతి పైకి అనరు, పిచ్చర్‌ని పలకరించరు, ఉన్నచోటినుంచి కదలరు. కదిలితే అదృష్టం చెదిరిపోతుందట. నవ్వకండి, నేనూ చేతిలో మట్టి సర్దే దంతెతో కంచె దగ్గర కొయ్యబారి నిలబడ్డాను. లైల్ నా పక్కనే ఉన్నాడు. టోబిన్ బదులు దించాల్సిన ఇంకో పిచ్చర్‌ని సిద్ధం చెయ్యడానికి వచ్చి అక్కడే ఇరుక్కుపోయాడు. ఆ పనిలో అతని లెక్క తప్పింది. బంతుల లెక్క రాసే కాగితం అవతల ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో కర్ట్ దగ్గరుంది.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ ముందు లైల్ దూరంనుంచే చెయ్యూపి అడిగాడు. కర్ట్ ముందు ఎనిమిది వేళ్ళు, తర్వాత ఆరు చూపించాడు. ఎనభై ఆరు.

"ఇంకా ఎక్కువే అయినట్టుందయ్యా," అన్నాను.

"కర్ట్ చూపించాడుగా," అన్నాడు.

ఆ ఇన్నింగ్స్‌లో ఇంకొక్క ఔట్ మిగిలుందనగా టోబిన్ బంతి వదిలి, మోచెయ్యి పట్టుకుని మోకాళ్ళమీద కూలబడ్డాడు. వాణ్ణి స్ట్రెచర్ ఎక్కించాక లైల్ నేరుగా డగౌట్‌కెళ్ళి కాగితం లాక్కున్నాడు. నూట ముప్ఫై ఒకటి.

"ఎనభై ఆరన్నావు కదరా!"

"నిజం చెప్తే వాణ్ణి లాగేసేవాడివి," అన్నాడు కర్ట్. "పాతికేళ్ళ ఉద్యోగంలో నాకు ఇలాంటి ఆట ఒక్కటీ లేదురా. ఒక్క ఔట్, అంతే కదా!"

"నా చెయ్యి ఎలా పోయిందో నీకు తెలుసు. తెలిసి కూడా..."

నాకైతే ఆ కర్ట్‌ని దంతెతో ఒక్కటి వెయ్యాలనిపించింది. నమ్మినవాడి గొంతు కోసి, పైగా ఔట్లు లెక్కపెడుతున్నాడు!

మర్నాడు ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. కారులో దారంతా లైల్ కర్ట్‌ని తిడుతూనే ఉన్నాడు. వాడి బండారం బయటపెడతానన్నాడు. టోబిన్ చెయ్యి భుజం దాకా కట్టేసి ఉంది.

"ఏడో ఇన్నింగ్స్ నుంచే చురుక్కుమంటోంది కోచ్," అన్నాడు వాడు.

"మరి ఆపలేదేం?"

"మీరు రాలేదుగా. ఇంకా వంద కాలేదనుకున్నా."

లైల్ మంచం అంచున కూర్చున్నాడు. దారంతా తిట్టిన కర్ట్ పేరు ఇక ఎత్తలేదు.