ముహూర్తం నాడే పాడె ఎక్కించిన బేసిక్

ఎనభైల చివర్లో ఫిల్మ్‌నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థ నన్ను కంప్యూటర్ విభాగానికి అధిపతిగా వేసుకుంది. విభాగంలో అధిపతి తప్ప ఇంకెవరూ లేరు. హోదాలో ప్రొడక్షన్ మేనేజరుకు చాలా కింద, ప్రొడక్షన్ కారుకు కాస్త పైన. మా ప్రింటరు కూత పెడితే బోరబండ స్టేషన్లో జనం రైలొచ్చిందనుకుని మూటలు నెత్తికెత్తుకునేవారు.

ఆఫీసు కంప్యూటర్లో నడిచే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష మాత్రం నా సొంత సరుకు. మధురానగర్‌లో మా ఇంటి టీవీకి చిన్న కంప్యూటర్ తగిలించి, సరదాకి రాసుకున్న ఇంటర్‌ప్రెటర్ అది. అంటే మనం రాసిన ఆదేశాలను ఒక్కో వరుసే చదివి, అక్కడికక్కడే చేసిపెట్టే ప్రోగ్రాం. అది ప్రాణం పోసుకునేలోగా మా ఇంట్లో మూడు తరాలవాళ్లు సీరియళ్లకు నోచుకోలేదు. దాన్నే ఆఫీసు యంత్రానికి సరిపడేలా తిరగరాసి తెచ్చాను.

నాకు అప్పగించిన పని షెడ్యూలు వేయడం. నటీనటులు ఇచ్చిన కాల్షీట్లను, అంటే మనకు కేటాయించిన తేదీలను బట్టి, ఏ సీను ఏ రోజు తీయాలో తేల్చాలి. అప్పటిదాకా ఆ పని ప్రొడక్షన్ మేనేజర్ యాదగిరి గారి బుర్రలో జరిగేది. నిర్మాత రాఘవరావు గారు షరతు పెట్టారు: కొత్త సినిమా షెడ్యూలు సరిగ్గా వస్తే యంత్రం ఉంటుంది, లేకపోతే యంత్రమూ నేనూ ఒకే ఆటోలో బయటికి.

నా బేసిక్‌లోనే ప్రోగ్రాం రాశాను, షెడ్యూలు వచ్చింది. ఒక్క కాల్షీటూ వృథా కాలేదు. కాగితం పట్టుకుని, అంబారీ ఎక్కినంత ధీమాగా నిర్మాత గదిలోకి వెళ్లాను. ఆయన మొదటి వరుస చదివి కళ్లజోడు తీసేశారు.

"ఏంటయ్యా ఇది? ముహూర్తం రోజున కొబ్బరికాయ కొట్టి, హీరోని పాడె మీద పడుకోబెట్టమంటావా?"

"తారాగణమంతా ఒకేసారి దొరికేది ఆ రోజేనండీ."

"దొరుకుతారయ్యా, నన్ను తన్నడానికి!"

తొలి షాట్ దేవుడి పటానికి దండం పెట్టడమో, నవ్వుతూ ఓ మాట అనడమో అయి ఉండాలి. చావు, ఏడుపు ఆ రోజు పనికిరావు. ఫిల్మ్‌నగర్‌లో టీ కొట్టు పిల్లికి కూడా తెలిసిన ఈ సంగతి నా యంత్రానికి ఎవరూ చెప్పలేదు.

"గింత మంచి ఉపాయం నాకు తోచనే లేదు సార్," అన్నారు పక్కనే నిలబడ్డ యాదగిరి గారు, కండువాతో నవ్వు కప్పుకుంటూ. "హీరో మొదటి నాడే పోతే మిగిలిన సినిమా తీసే ఫికరే ఉండదు."

రాఘవరావు గారు సాయంత్రం దాకా గడువిచ్చారు. ముహూర్తానికి ఏడుపు సీను పెట్టకుండా ఒక వరుస చేర్చబోతుంటే, యాదగిరి గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"జర ఆగుండ్రి. గదొక్కటే అనుకున్నరా? హీరోయినమ్మకు అమాస నాడు పెండ్లి సీను వద్దు. విలన్ సాబ్‌కు శనివారం దెబ్బలు తినుడు వద్దు. మామ వేషమాయన, అల్లుని వేషమాయన ఒక్కనాడు వద్దు, ఇద్దరికీ మాటల్లేవు."

ఆయన చెప్పినకొద్దీ ప్రోగ్రాం వెంగళరావు నగర్ దాకా సాగేలా కనిపించింది. అప్పుడు ప్రోగ్రాంను వదిలేసి ఇంటర్‌ప్రెటర్‌నే విప్పాను. దాని లోపల తనకు తెలిసిన మాటల పట్టిక ఉంటుంది. చదివిన మాట అందులో ఉంటే, దానికి కేటాయించిన పని చేస్తుంది. ఆ పట్టికలో ఇంగ్లీషు అక్షరాలతోనే 'వద్దు' అని చేర్చాను. ఆ మాట తర్వాత మనిషి, సీను, రోజు వీటిలో కలవకూడని వాటిని రాస్తే, ఆ కలయికను షెడ్యూలు ముట్టుకోదు.

"నేను తెలుగుల చెప్తే ఇంటదా ఇది?"

"ఈ ఒక్క మాటా వింటుంది. మీరే కొట్టండి."

యాదగిరి గారు నల్లిని నలిపినట్టు ఒక్కో మీటనూ చూపుడువేలితో నొక్కారు. ఆయన వద్దులన్నీ మింగి యంత్రం కాసేపు మూలిగింది. తర్వాత ప్రింటరు కూసింది. ముహూర్తానికి తల్లి హీరోకి బొట్టు పెడుతోంది. పాడె ఆఖరి వారానికి వెళ్లింది. రెండు కాల్షీట్లు వృథా అయ్యాయి. రాఘవరావు గారు చివరిదాకా చదివి, "కొబ్బరికాయలకు చెప్పండి," అన్నారు. యంత్రం ఉండిపోయింది, దాని పక్కన నేనూ.

భాషను మెరుగుపరచడమంటే వేగం పెంచడమేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. వాడే మనిషి నోట రోజూ ఆడే మాటకు అందులో చోటివ్వడం అంతకన్నా పెద్ద మెరుగు. ఆ తర్వాత ఉద్యోగంలో ఏ ప్రోగ్రాం మొదలుపెట్టినా, ఏం చేయాలో అడిగే ముందు ఏం చేయకూడదో అడిగి తెలుసుకున్నాను.