నాలుగు వేళ్ల ఎత్తు

మా చిన్నప్పుడు తిరువూరులో బండి ఉన్నవాళ్లంతా దాన్ని ఎత్తు లేపించుకునేవాళ్లు... మామిడి తోటల్లో గుంటల దారులు, పైన మోయలేనంత కాయ. అందుకని చక్రాల మీద ఉండే ఇనుప పట్టీల కట్టలకు ఇంకో పట్టీ, ఇంకో పట్టీ కలిపించేవాళ్లు. మా నాన్న మాత్రం ఉన్న పట్టీలు తీయించి బండి ముందు భాగాన్ని కిందికి దించాడు.

మాది పాత పికప్పు, దాని మీద తోటల కాయ మార్కెట్‌కి తోలడమే నాన్న పని. కొనేటప్పటికే దానికి నా కంటే ఎక్కువ వయసు. గుండ్రటి హెడ్‌లైట్లు, పొడుగు మూతి, వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు... ముందు సీట్లో ముగ్గురం పట్టేవాళ్లం. గేరు రాడ్డుకి అటో కాలు ఇటో కాలు వేసుకుని మధ్యలో నేను.

అమ్మ టీచరు. ఎ.కొండూరు దగ్గర ఒక పల్లెటూరి బడి. రోజూ బస్సులో వెళ్లొచ్చేది. తొంభైల చివర్లో, నేను ఆరో తరగతిలో ఉండగా, బస్సు దిగుతూ పడి మోకాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక నడక వచ్చింది గానీ కాలు పైకి లేవదు. బస్సు మెట్టు సంగతి దేవుడెరుగు, మా పికప్పు ఫుట్‌బోర్డు కూడా అందలేదు. సరిగ్గా నాలుగు వేళ్ల ఎత్తు తక్కువయ్యేది.

నాలుగు వేళ్లే కదా, నాన్న ఎత్తి కూర్చోబెడితే పోయేది కదా అంటారా... మీకు మా అమ్మ తెలియదు.

"నడివీధిలో నన్ను బస్తా ఎత్తినట్టు ఎత్తుతారా? బడి ముందు పిల్లలు చూస్తుంటే దించుతారా? అంతకంటే ఉద్యోగం మానేస్తా" అంది.

పోనీ పీట వేస్తానన్నాడు నాన్న. "పీట వెంటబెట్టుకు తిరిగే టీచరమ్మ మాట ఏ పిల్లాడు వింటాడండీ?" అంది.

ఉత్తమాటలు కావవి. రాజీనామా కాగితం రాసి బియ్యం డబ్బా కింద పెట్టింది. బడులు తెరిచే రోజు తనంతట తను బండెక్కలేకపోతే అది ఇచ్చేస్తుందట. చాటుగా చదివి నేను ఏడ్చాను. బడి లేని అమ్మని నేను ఊహించుకోలేకపోయాను.

అమ్మ రోజూ కిటికీ ఊచ పట్టుకుని గోడకేసి కాలు ఎత్తి చూసుకునేది. ఒకరోజు కాలు ఎంతవరకు లేచిందో అక్కడ నాన్న సుద్దముక్కతో గీత గీశాడు. చీపుర్లోంచి ఓ పుల్ల లాగి, నేల నుంచి గీత దాకా కొలిచి తుంచాడు. అప్పట్లో ఇంట్లో ఆడవాళ్లకి చెప్పులు తేవాలంటే పుల్లతోనే కదా కొలత తీసుకెళ్లేవాళ్లు... అలాగే ఈ పుల్ల జేబులో పెట్టుకుని బాజీ మేస్త్రి షెడ్డుకి బయల్దేరాడు. నేనూ బండెక్కాను.

"ఏంటి సత్యంగారూ, అందరూ పట్టీ ఎక్కించమని వస్తంటే మీరు తీసేయమంటారేంటండీ? మూతి నేలకి రాసుకుద్ది. ఇంక తోటలోకి ఎట్టా పోద్ది?" అన్నాడు మేస్త్రి.

"తోటలోకి పోకపోతే మానె బాజీ. ఈ పుల్లకి రావాలి, అంతే."

ఆ పుల్ల అమ్మ కాలు లేచే ఎత్తని తెలిశాక మేస్త్రి పనిలోకి దిగాడు. జాకీ ఎత్తి, ముందు చక్రాలకి చెరో పక్కా రెండేసి పట్టీలు తీశాడు. బండి దించి, ఫుట్‌బోర్డు పక్కన పుల్ల నిలబెట్టి చూశాడు. అచ్చంగా సరిపోయింది.

ఒక్కటే మర్చిపోయారు. వెనక ఆఖరి కోత కాయ నిండా ఉంది. కాయ ఆగదని నాన్న లోడుతోనే వచ్చాడు. ఆ బరువుకి వెనక కుంగి, ముందు లేచి ఉంది. ఆ సంగతి కొలిచినవాడికీ తట్టలేదు, కొలిపించినవాడికీ తట్టలేదు.

సాయంత్రం నూజివీడు మార్కెట్లో కాయ దించేసరికి మూతి ఇంకో రెండు వేళ్లు దిగిపోయింది... నీళ్లు తాగడానికి వంగిన గేదెలా. తిరిగొచ్చే దారంతా ప్రతి గతుకుకీ కర్రుమంటూ రాసుకుంది. మా వీధిలోకి రాగానే ఎదురింటి తాతగారు "ఏరా సత్యం, బండి దణ్ణం పెడతందేంట్రా?" అన్నారు. నాన్న మొహం మాడిపోయింది. తెల్లారితే బడి. మళ్లీ విప్పించే టైము లేదు.

పొద్దున్నే అమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని, భుజాన బ్యాగు తగిలించుకుని వచ్చింది. వీధిలో అందరూ చూడనట్టు చూస్తున్నారు. నేను ముందే లోపల కూర్చున్నాను.

డోరు పట్టుకుని కాలు ఎత్తింది. గోడ దగ్గర లేచినంత లేవలేదు... కుచ్చిళ్లు అడ్డం, బ్యాగు బరువు, పైగా అన్ని కళ్లు. సుద్దగీతకి రెండు వేళ్లు కిందే ఆగిపోయింది.

ఫుట్‌బోర్డు సరిగ్గా అక్కడే ఉంది.

అమ్మ ఎక్కి కూర్చుంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మేస్త్రి సరిగ్గా కొలిచి ఉంటే ఆ రోజు ఎక్కేది కాదు.

"ఇంకా చూస్తారేంటండీ? ప్రేయరు టైమవుతోంది, పోనివ్వండి" అంది. నాన్న అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ రాజీనామా కాగితం ఆ సాయంత్రమే పొయ్యిలోకి పోయింది.

ఏడాది తిరిగేసరికి అమ్మ కాలు బాగైంది, మళ్లీ బస్సే ఎక్కింది. నాన్న మాత్రం పట్టీలు తిరిగి వేయించలేదు. తోటల బేరాలు వేరే బళ్లకి పోయినా సరే. అడిగితే "దానికట్టా అలవాటైపోయిందిలే" అనేవాడు. రెండువేల తర్వాత ఎప్పుడో అమ్మేసేదాకా అది వంగే తిరిగింది.

ఇప్పుడు నా కారు చాలా ఎత్తు. షోరూములో అదే గొప్పగా చెప్పి అమ్మారు. అమ్మ ఎక్కేటప్పుడు చెయ్యి అందిస్తాను... ఏమీ అనకుండా పట్టుకుంటుంది. అలా పట్టుకోవడం చూస్తే నాకు సిగ్గేస్తుంది. చెయ్యి అందించడమే పెద్ద ప్రేమ అనుకునే కాలంలో పడ్డాం. బండినే మనిషి దగ్గరికి దించాలన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు.

మీ ఇళ్లల్లో కూడా ఎవరో ఒకరి కోసం ఇలా గుమ్మమో, మంచమో, సైకిలో మార్చేసిన మనిషి ఉండే ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి. నాన్నకి చదివి వినిపించాలి. ఆ రోజు తను చేసింది తెలివితక్కువ పనే అని ఆయన ఇప్పటికీ అంటుంటాడు.