పురికొస కట్టిన జాడీ

ఆ రోజుల్లో మా ఇళ్లలో అసూయ కూడా కాలాన్ని బట్టి వచ్చేది. వానలు పడితే పెరట్లో పాదుల మీద, చలి మొదలైతే చేతిపనుల మీద, ఎండలు ముదిరితే ఊరగాయ జాడీల మీద. ఇప్పటి పిల్లలు ఎదురింటివాళ్లకు ఫలానా వస్తువు ఉందని కుళ్లుకుంటారు. అది కొనుక్కుంటే తీరిపోయే కుళ్లు. మాది అట్లాంటిది కాదు. పక్క మనిషి చేతిలోని పనితనాన్ని చూసి కుళ్లుకోవడం. దాన్ని ఏ అంగట్లోనూ అమ్మరు. అమ్మేదే అయితే నాకంటే తక్కువకు ఎవరూ తెచ్చుకోలేకపోయేవారు. (గొప్పకు చెప్పడం లేదు. నాకు వచ్చిన విద్య అదొక్కటే.)

నేను పుట్టింది హిందూపురంలో, ఉప్పు బస్తాకూ చింతపండు బుట్టకూ నడుమ. మా నాయనది బజారు వీధిలో చిల్లర అంగడి. నాకు ఎనిమిదేళ్లు నిండగానే ఉప్పు బస్తా ముందు నిలబెట్టి, సేరు చేతికిచ్చి, "తలకొట్టి, అంచుకు సమంగా కొలువు. కొలిచినాక పైన ఒక గుప్పెడు ఎయ్యి. ఆ గుప్పెడు పడకపోతే గిరాకీ మళ్లా మన గడప తొక్కడు" అని నేర్పించాడు. ఆ పై గుప్పెడే కొసరు. ఇచ్చేచోట కొసరు వెయ్యడం, తీసుకునేచోట కొసరు అడగడం, ఇవి రెండూ నాకు ఊపిరి తీసి వదిలినంత సహజంగా వంటబట్టాయి. పదిహేడేళ్లకు పెండ్లయి పెనుకొండకు కాపురానికి వస్తే, నెల తిరక్కుండానే ఆకుకూరలమ్మే ఆమె నాకు 'కొసరమ్మ' అని పేరు పెట్టేసింది. ఆ పేరు వీధంతా పాకింది. మా ఆయన కూడా నవ్వుతూ పిలిచేవాడు.

అదే ఇంట్లో నాకంటే ముందు అడుగుపెట్టిన మా తోడికోడలు పేరేమిటనుకున్నారు? 'పట్టుచేయి'. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. పుట్టిల్లు ధర్మవరం. వాళ్ల నాయన మగ్గాలవాళ్లకు పట్టునూలు అమ్మేవాడు. అదీ అంగడే, మాదీ అంగడే. కానీ పట్టు అమ్మే అంగడిలో కొసరు ఉండదు. పోగు తూగిందంటే తూగింది, అంతే. అందుకేనేమో ఆమె మాట కూడా తూచినట్టే ఉండేది, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. ఏది ముట్టుకున్నా బాగుపడేది. నాకు ఒళ్లు మండేది.

నేను వచ్చిన ఏడాది వానలు బాగా పడ్డాయి. అక్క పెరట్లో ఆరు చిక్కుడు గింజలు పెట్టింది. ఆరూ మొలిచాయి. అంట్లు తోమిన నీళ్లు పోసి, కంపతో పందిరి వేసి, వీధిలో నాలుగిళ్లకు కాయలు పంచింది. నేను ఊరుకుంటానా? సంతలో విత్తనాలవాడిని పట్టుకుని, గుమ్మడి గింజలకు పైన బీర, బీరకు పైన కాకర, కాకరకు పైన గోంగూర కొసరడిగి చెంగు నిండా తెచ్చాను. తెచ్చినవన్నీ ఒకే మడిలో వేశాను. (ఉచితంగా వచ్చిన గింజను పారేయడానికి చేయి రాదు గదా.) అవి ఒకదాన్నొకటి నొక్కుకుని అన్నీ చచ్చాయి. గుమ్మడి తీగె ఒక్కటి మాత్రం నా మీద అలిగినట్టు గోడ దాటి పోయి, పక్కింటి అవ్వ పెరట్లో ఒకే ఒక కాయ కాసింది. "నా పెరట్లో కాసింది నాదే" అని అవ్వ. "వేరు మా పెరట్లో ఉండాది" అని నేను. పూటంతా వాదించి సగం కాయ, దాని పైన నాలుగు తమలపాకులు కొసరు తీసుకుని ఇంటికొస్తే, మా అత్త ఒక్క మాటే అంది. "కొసరమ్మకు తోట అవసరం లేదులేమ్మే. నోరుంటే సాలు, ఊరంతా దాని తోటే."

చలికాలంలో మా ఆడబిడ్డ పురిటికి వచ్చింది. మొగపిల్లవాడు పుట్టాడు. అక్క ధర్మవరం నుంచి మగ్గాల కింద రాలిన చిక్కుపోగులు మూటెడు తెప్పించి, కూర్చుని చిక్కు తీసి, ఉయ్యాల మీదికి అయిదు పట్టు చిలకలు చేసింది. రెక్క ఒక రంగు, ముక్కు ఒక రంగు. చూసినవాళ్లంతా అవి ఎగిరిపోతాయేమోనన్నట్టు మాట్లాడారు. నేనూ ఒకటి చేశాను. అత్త దాన్ని వెలుతురులో పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఇదేమి పిట్టమ్మే?" అంది.

"చిలక."

"మరి ముక్కు తోక పక్క ఉండాదేమి?"

"వెనక్కి తిరిగి చూస్తాంది అత్తా" అన్నాను. బేరంలో మాటకు మాట ఆలస్యం కాకూడదు. ఆడబిడ్డ పడీపడీ నవ్వింది. అక్క మాత్రం నవ్వకుండా దాన్ని తీసుకుని తన అయిదింటి నడుమ కట్టింది. ఆమె నవ్వి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

ఇక ఎండాకాలం. అసలు కథ ఇక్కడుంది. ఆడబిడ్డ బిడ్డనెత్తుకుని అత్తగారింటికి పోయే రోజు దగ్గరపడింది. సారెలో చీర, గాజులు, చక్కిలాలతో పాటు ఒక జాడీ మామిడికాయ ఊరగాయ పంపడం మా ఇంటి ఆచారం. ఆ జాడీ ఎవరు కలిపారని అవతలివాళ్లు అడిగి మరీ తెలుసుకుంటారు. ఆమె అత్తగారిల్లు ఎక్కడో తెలుసా? హిందూపురంలో, మా నాయన అంగడికి రెండిళ్ల అవతల! నేను పుట్టి పెరిగిన వీధి. "ఆ పిల్లకు బేరం తప్ప ఏమొచ్చు?" అని నా పెండ్లికి ముందే నవ్విన వీధి. ఆ వీధికి నా పుట్టింటి కళ్లెదుట తోడికోడలి చేతి జాడీ పోవడమా?

అత్తకు నా ముఖం చూసి విషయం అర్థమైనట్టుంది. "ఇద్దరూ తలా ఒక జాడీ కలపండి. నాలుగో నాడు నేను రుచి చూస్తా. యాది బాగుంటే అది హిందూపురం పోతాది" అని తీర్పు చెప్పింది.

కాయ కొనడం నా వంతు. "నాకూ నువ్వే తెచ్చిపెట్టమ్మా, నాకు బేరమాడేకి నోరు రాదు" అంది అక్క. నల్లమాడ నుంచి వచ్చిన రైతు ఒకాయన గంపలు దించుకుంటున్నాడు.

"ఏమప్పా, కాయ నిన్నటిదా, మొన్నటిదా?"

"ఈ పొద్దు తెల్లారి కోసినా తల్లీ. సొన చూడు, ఇంకా కారతాండాది."

"సొన తగిలితే నా చీరకు మచ్చ పడతాది. ఆ మచ్చకేమి కొసరిస్తావు?"

ఆయన తలపాగా తీసి నెత్తి గోక్కున్నాడు. "మచ్చకు గూడా కొసరడిగే మనిషిని ఇప్పుడే చూస్తాండానమ్మా!" ఆ నవ్వులో డజను కాయలు అదనంగా పడ్డాయి. ఇంటికొచ్చి గట్టివి, పీచున్నవి, పుల్లనివి నా బుట్టలోకి ఏరుకుని, మిగిలినవి అక్క ముందు పెట్టాను. యుద్ధం రోజులు కాబట్టి మంచినూనె దొరకడమే గగనంగా ఉంది. అందులోనూ చిక్కగా ఉన్న పై తేట నాకు వంచుకున్నాను. జాడీలు రెండూ నేను బేరమాడి తెచ్చిన జత, కవలపిల్లల్లా ఉండేవి. గుర్తుకోసం అక్క తన జాడీ మూతిగుడ్డకు ఎర్ర పట్టుపోగు కట్టింది. నేను మా అంగడి గుర్తుగా, పొట్లాలు కట్టే పురికొస కట్టాను.

కలిపే రోజు ఇద్దరమూ స్నానం చేసి, తడి తగలకుండా, వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె రహస్యం ఏమిటో ఈ రోజు పట్టేస్తానని నా చూపంతా ఆమె చేతుల మీదే. ముక్కకు ఇంత కారం, ఇంత ఆవపిండి, ఇంత ఉప్పు. ఆమె ఒక సేరు ఉప్పు పోస్తే నేనూ ఒక సేరు. ఆమె రెండో సేరు పోస్తే నేనూ రెండోది. ఒకటి రెండుసార్లు అక్క నా వైపు చూసి ఏదో చెప్పబోయి ఆగింది. తన పని నేను కాపీ కొడుతున్నానని కడుపుమంట అనుకుని లోలోపల మురిసిపోయాను.

మూడో నాడు పొద్దున జాడీ తిరగగలపడానికి మూత తీసి, వేలికి అంటినంత నాకి చూశాను. నోరు కాదు, ముందు కళ్లు మూతపడ్డాయి. ఉప్పు! కారం లేదు, పులుపు లేదు, ఒకటే ఉప్పు. సముద్రాన్ని నేనెప్పుడూ చూడలేదు గానీ ఆ రోజు రుచి చూశాను. అదే కొలత, అదే సేరు, ఆమెది బాగుండక మానదు, నాది ఎందుకు ఇట్లా అయింది? ఎందుకేముంది, అక్కే నేను లేనప్పుడు ఉప్పు కుమ్మరించి ఉంటుంది. ఇన్నాళ్లకు దొరికింది ఆమె పట్టుచేతి అసలు రంగు! (ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఒక కారణం దొరికినందుకు ఉప్పుకు దండం పెట్టుకున్నాను.)

అన్యాయానికి అన్యాయమే విరుగుడు అనిపించింది. ఆ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా వంటింట్లోకి పోయి, నా జాడీ పురికొస విప్పి ఆమె జాడీకి కట్టాను. ఆమె పట్టుపోగు నా జాడీకి కట్టాను. ముడి కూడా ఆమె వేసినట్టే వేశాను. నా జీవితంలో శ్రద్ధగా చేసిన చేతిపని అదొక్కటే.

నాలుగో నాడు భోజనాల వేళ అత్త వేడి అన్నం వడ్డించుకుని పీట మీద కూర్చుంది. పక్కన ఆడబిడ్డ, ఒళ్లో బిడ్డ. మా ఇద్దరి జాడీలూ ఎదురుగా. "ముందు కొసరమ్మది చూస్తాం" అని అత్త పురికొస జాడీ మూత తీసి, ముక్క అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంది.

ముఖం నిమ్మకాయంత అయింది. "నీళ్లు! నీళ్లు తేండే!"

నిజం చెప్పాలంటే, మొదట నా గుండె సంతోషంతో ఎగిరింది. అది అక్క జాడీ గదా! పట్టుచేతిది కూడా ఉప్పుకషాయమే! మరుక్షణం గుర్తొచ్చింది, దానికున్నది నా పురికొస అని. ఇక ఆగలేదు. "అత్తా, అది నాది కాదు! అక్కది! తాళ్లు నిన్న నేనే మార్చినా!" అని అరిచేశాను.

అదే నిమిషంలో నా పక్కనుంచి ఇంకో గొంతు వినబడింది. "అవునత్తా, అది నాదే. తాళ్లు పొద్దున నేనే మార్చినా."

అత్త చెంబు నోటి దగ్గర ఆపి మా ఇద్దర్నీ చూసింది. "నిన్న ఈమె మార్చిందా? ఈ పొద్దు ఆమె మార్చిందా? అయితే ఇంగేముండాది, ఎవురిది వాళ్లకే వచ్చె!"

ఆడబిడ్డ నవ్వు ఆపుకోలేక బిడ్డను కింద పడుకోబెట్టేసింది. నేను మాత్రం అక్క మీదికి తిరిగాను. "నువ్వెందుకు మార్చినావక్కా?"

అక్క తల వంచుకుంది. "నీది ఉప్పు అవుతాదని కలిపినప్పుడే తెలుసు. సేరు పోసినప్పుడల్లా పైన ఒక గుప్పెడు ఎయ్యబట్టె నీ చెయ్యి. చెప్దామనుకుంటి. చెప్తే తప్పు పడతాండానని నొచ్చుకుంటావేమోనని ఊరుకుంటి. నీ పుట్టినూరికి పోయే జాడీ... నీ పేరుతో మంచిది పోనీలే అని మారిస్తి."

నేను నా కుడిచేతిని చూసుకున్నాను. ఎనిమిదేళ్ల నాటి నుంచి సేరు కొలిచాక ఆ చేయి నన్నడక్కుండా బస్తాలోకి పోయి గుప్పెడు తెచ్చేది. అక్క చేతుల్ని కళ్లు ఆర్పకుండా చూసిన నేను నా చేతిని చూసుకోలేదు. ఉప్పు కుమ్మరించిందని ఎవరిని అనుకున్నానో ఆమె ఎదుట తలెత్తలేకపోయాను. అంతకంటే కష్టమైన సంగతి ఇంకోటుంది. ఇప్పుడామె మీద కుళ్లుకోవడానికి మంచితనం కూడా జాబితాలో చేరింది!

ఏ జాడీ పోవాలో ఇక తీర్పు అక్కర్లేదు. నా జాడీలో ఉప్పు వెయ్యని కొత్త ముక్కలు కలిపి, కలిపి, మూడు జాడీలు చేశాం. (ఆ ముక్కలకు కాయలు కూడా నేనే బేరమాడి తెచ్చాను. ఏదో ఒక గౌరవం మిగలాలి గదా.) బయలుదేరే రోజు అక్క తన జాడీని సారె బుట్టలో పెట్టింది. చూస్తే దాని మూతికి పురికొస ఉంది. నేను నోరు తెరవబోతే, "ఈసారి మళ్లా మార్చొద్దమ్మా, నీకు దండం పెడతా" అంది.

పదిరోజులకు మా నాయన దగ్గరనుంచి కార్డు వచ్చింది. మా ఆయన అందరి ముందూ చదివాడు. 'చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు. మీ ఆడబిడ్డ అత్తగారు నీ చేతి ఊరగాయ పంపించిరి. వీధంతా మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒక గుప్పెడు ఉప్పు తక్కువ అనిపించె. నేను నేర్పినది మరిచితివా?'

అక్క అంత గట్టిగా నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు కారేటట్టు నవ్వింది. నవ్వు కూడా నాకంటే బాగా నవ్వుతుందే అని ఆ క్షణంలోనూ కుళ్లుకున్నాను.

ఇప్పుడు నాకు అప్పటి మా అత్త వయసు దాటింది. అక్క పోయి చాలా ఏండ్లయింది. ఏటా ఎండలు ముదరగానే నేనే కూర్చుని ఊరగాయ కలుపుతాను. సేరు తలకొట్టి కొలిచి పోయగానే చేయి తన దారిన తాను పోయి గుప్పెడు ఉప్పు తెస్తుంది. అప్పుడు ఎదుటి పీట వైపు చూస్తాను. చెప్పాలా వద్దా అని ఆగిపోయిన ఆ ముఖం కనబడినట్టే ఉంటుంది. గుప్పెడు తిరిగి డబ్బాలో వేసేస్తాను. ఇచ్చిన కొసరును వెనక్కి తీసుకున్న మనిషి మా వంశంలో నేనొక్కదాన్నే.