చిన్నదొర బుగ్గ మీద గాటు

మా అమ్మమ్మ ఎల్స్‌బెత్ జన్మలో ఒక్క పగే తీర్చుకుంది. అదీ ఒకడి గాయాన్ని శుభ్రంగా మాన్పి.

మార్‌బుర్గ్ కొండ మీద ఆకుపచ్చ టోపీల విద్యార్థి సంఘం మేడలో ఆమె వంటమనిషి. అక్కడ అందరూ దొరబిడ్డలే. పాఠాలు ఎగ్గొట్టినా కత్తిపోటీ ఎగ్గొట్టరు. కళ్లకూ మెడకూ తొడుగులు కట్టుకుని, బుగ్గలు ఎదుటివాడి కత్తికి వదిలేసి నిలబడాలి. తల వెనక్కి తీస్తే పరువు పోయినట్టే, గాటు పడితే గొప్ప. వందేళ్లుగా ఆ గోడల మీద వేలాడుతున్న పటాల్లో గాటు లేని ముఖం లేదు. బడిలో బల్ల అంచు తగిలి నాకూ ఒకటి పడింది. చదువు దానితోనే ఆగింది గానీ, న్యాయంగా నా పటమూ అక్కడ ఉండాలి.

తాతయ్య యోస్ట్ ఆ మేడలోనే బీరు పోసేవాడు. ఒక విందులో ఆ విద్యార్థుల్లో ఒకడు, డోర్న్‌స్టైన్ చిన్నదొర, ఆయన్ని గుర్రంలా వంగమని, వీపెక్కి మెట్లు దింపించాడు. తాతయ్య మోకాలు చిట్లింది. మళ్లీ తిన్నగా నడవలేదు. అందరూ నవ్వారు. అమ్మమ్మ మాత్రం మాట్లాడకుండా పళ్లేలు కడిగింది. ఆవిడ మాట్లాడలేదంటే ఎవరికో మూడినట్టే.

మరుసటి వసంతంలో కత్తిపోటీలో చిన్నదొర బుగ్గ చీలింది. వాడు సంతోషంతో గంతులేశాడు. వాడు చేసుకోబోయే పిల్ల తండ్రి ఆ సంఘం పాత సభ్యుడు, సేనాపతి. గాటు లేని అల్లుడు వద్దని ముందే చెప్పాడు.

"ఏమే ఎల్స్‌బెత్, కట్లు నువ్వే మార్చు. రోజూ ఉప్పూ సారా పొయ్యి. లావుగా, వంకరగా మానాలి. ఎవరికైనా చెప్పావో, చంపేస్తా!"

"చిత్తం దొరా. గాలి తగిలితే ఊరికే మానిపోతుంది. విప్పి చూసుకోకండి."

అమ్మమ్మ వాడింది ఉడికించిన గుడ్డ, బంతిపూల లేపనం, అంచులు కలిపి సన్నటి పట్టీలు. ఉప్పు పోసినట్టు మంట పుట్టాలని చెవి వెనక ఆవపిండి.

"అబ్బ, మండుతోందే!" అని మురిసిపోయేవాడు పిచ్చి సన్నాసి.

నిశ్చితార్థం విందులో అందరి ముందూ కట్టు విప్పాడు. సేనాపతి కళ్లజోడు పెట్టుకుని వెతికాడు.

"ఏదయ్యా?"

"ఎడమ బుగ్గ, మామగారూ."

"ఇదా? పిల్లి గీరిందా?"

మేడంతా గొల్లున నవ్వింది. సేనాపతి కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. చిన్నదొర వంటింట్లోకి దూసుకొచ్చాడు.

"ఏం చేశావే నన్ను?"

"మాన్పాను దొరా. ఉప్పు పొయ్యలేదని పైకెళ్లి చెప్పండి."

చెబితే దొంగగాటు కోరినందుకు టోపీ ఊడబీకి సంఘం నుంచి గెంటేస్తారు. వాడు వెనక్కి తిరిగి బయటి మెట్ల వైపు నడిచాడు. అమ్మమ్మ పొయ్యి పక్కన కాలు చాపుకుని కూర్చున్న తాతయ్య వైపు తిరిగింది.

"ఏమయ్యోయ్, దొరగారు మెట్లు దిగి వెళ్తున్నారు. గుర్రం కావాలేమో అడుగు."