గుడ్డలు కుక్కిన వెంటిలేటర్

జవహర్‌నగర్‌లో రుక్కమ్మ గాలిని ముక్కుతోనే కనిపెడుతుంది. చెత్తగుట్టల వైపు నుంచి గాలి మళ్లగానే చేతిలో పని వదిలేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక్కో కిటికీ మూస్తూ ఇల్లంతా తిరుగుతుంది. వెంటిలేటర్లలో పాత చీరల ముక్కలు కుక్కింది కూడా ఆమే. కూలర్ కొన్నాక ఇక కిటికీలు తెరిచే పనే లేదని ఆమె ధీమా. ఆ మే నెల మధ్యాహ్నం స్లాబు పెనంలా కాగుతోంది. అన్నీ మూసిన గదిలో కూలర్ ఆ తడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. కోడలు వినోద ఒళ్లో పసిపిల్ల ఎర్రగా కంది, మెడ వాల్చేసింది.

"అత్తమ్మా, పిల్ల పాలు తాగుతలేదు. కండ్లు గూడ తెరుస్తలేదు."

"ఇప్పుడే కూలర్ల నీళ్లు వోసిన. సల్లగైతది, ఆగు."

అంటూనే రుక్కమ్మ గదిలో కట్టిన దండెం మీద చెయ్యి వేసింది. పొద్దున ఆరేసిన పిల్ల గుడ్డలు, అంత ఎండాకాలంలోనూ, ఒక్కటీ ఆరలేదు. ఆమె ముఖం మారిపోయింది.

"తడిగాలి బయటికి వోయే తొవ్వ నేనే మూసిన," అంటూ స్టూలెక్కి గుడ్డలన్నీ పీకి పారేసింది. దిగి, కూలర్ వెనక కిటికీ బార్లా తెరిచింది. గాలి కదిలింది. దాంతోపాటే చెత్త కంపు గదంతా కమ్మింది. రుక్కమ్మ కొంగు అందుకుంది. ముక్కుకు పెట్టుకోలేదు. పిల్ల పెదవులు పాల కోసం కదిలేదాకా ఆ కంపుగాలినే దాని మీదికి విసురుతూ కూర్చుంది.