జర్మనీ ఆటగాడి ఓటములు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఫోన్లో స్నూకర్ చూస్తూ కూర్చున్నాను. రిటైరైన దగ్గర్నుంచి నాకు పట్టుకున్న పిచ్చి ఇది. ఆ రోజు ఆడుతున్నది ఒక జర్మనీ ఆటగాడు. ఆయన పేరు పలకడం నాకు ఎంతకీ రాదు కనుక మా ఇంట్లో ఆయన్ని జర్మనీవాడనే అంటాం. జుట్టు పలచబడుతున్న మనిషి, మొదటి రౌండులోనే ఒక కుర్రాడి చేతిలో ఓడిపోయి, వాడి భుజం తట్టి, జనం చప్పట్లు కొడుతుంటే తల వంచి దణ్ణంలాంటిదేదో పెట్టి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. జాలిపడ్డాననుకునేరు, అచ్చంగా అసూయ. ఫోను మంచం మీద విసిరేసిన తీరు చూసి మా ఆవిడ నవ్వింది. “ఆయన ఓడిపోతె నీకెందుకయ్యా గింత గరం? చుట్టమా ఏంది నీకు?” అంది.

చుట్టం కాదు గాని, ఆయన సంగతంతా నేను ఆరా తీసి పెట్టుకున్నాను. ఆయన దేశంలో అందరికీ ఫుట్‌బాల్ పిచ్చేనట, స్నూకర్ అంటే పక్కింటివాడికి కూడా తెలియదట. అలాంటి చోట ఆట నేర్చుకుని, మీసాలు రాని వయసులోనే ఇంగ్లండు పోయి, అక్కడి ఉద్దండుల చేతుల్లో వరసగా ఓడిపోయి, ప్రొఫెషనల్ జాబితాలోంచి పేరు జారిపోతే మళ్లీ అర్హత పోటీలు ఆడి ఎక్కి, మళ్లీ జారి, మళ్లీ ఎక్కి, ఎప్పుడో ఒకసారి పెద్దవాణ్ణి మట్టికరిపించి, పెద్ద కప్పు మాత్రం ఒక్కటీ ఎత్తకుండానే ఆయన జుట్టు పలచబడే దాకా వచ్చాడు. ఇన్నేళ్లూ ఏం పని చేస్తావని ఎవరడిగినా స్నూకర్ ఆడతానని చెప్పుకుని బతికాడు మహానుభావుడు. నాకు కుళ్ళు పుట్టిందంటే పుట్టదా మరి?

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. గోదావరిఖని మార్కెట్టు సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మీద, మేడపైన ఒక స్నూకర్ పార్లర్ ఉండేది. దాని యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. హైదరాబాదులో మూతపడిన ఏదో క్లబ్బు టేబుల్‌ను కొని, దాని రాతి పలకలను బొగ్గు లారీలో వేయించుకొచ్చి, వాటిని మేడ ఎక్కించడానికి ఊళ్లో ఉన్న పహిల్వాన్లందరినీ పిలిపించాడు. గుమ్మం దగ్గర బకెట్టులో నీళ్లు, సబ్బు పెట్టేవాడు. బాయి దిగి వచ్చినవాళ్లు, అంటే గనిలో పనిచేసి వచ్చినవాళ్లు, ఎంత రుద్దుకుని స్నానం చేసినా గోళ్లలోనూ చేతి గీతల్లోనూ నలుపు ఉండిపోతుంది, కనురెప్పలకు కాటుక పెట్టుకున్నట్టే ఉంటుంది. “చేతులు చూపెట్టు మియా, నా టేబుల్ బట్ట ఖరాబ్ అయితది” అని భాయ్ బడిపంతులులాగా చేతులు తిప్పి చూసిగాని క్యూ కర్ర ఇచ్చేవాడు కాదు.

ఆ పార్లర్‌లో ఇంకెక్కడా లేని రూలు ఒకటుండేది. మధ్యాహ్నంపూట బొగ్గు కంపెనీవాళ్లు ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, బ్లాస్టింగు చేసేవారు. ముందు సైరన్ మోగేది, కాసేపటికి ఊళ్లో కిటికీలు, వంటిళ్లలో గిన్నెలు అన్నీ గలగలలాడేవి. మేడ మీది టేబుల్ కదా, బంతులు కూడా కొంచెం కదిలేవి. అందుకని సైరన్ వినపడగానే ఆడేవాడు ఎంత మంచి షాట్‌లో ఉన్నా సరే క్యూను టేబుల్ అంచు మీద పెట్టేసి, వెనక్కి పోయి గోడకు ఆనుకుని నిలబడాలి. బ్లాస్టింగ్ అయ్యాక బంతులు ఎక్కడికి జరిగితే అక్కణ్ణుంచే ఆట, తగువు లేదు. ఏ బంతయినా జారి రంధ్రంలో పడిపోతే మాత్రం “కంపెనీ కొట్టింది” అని నవ్వుకుంటూ తీసి మళ్లీ పైన పెట్టేవాళ్లం.

అక్కడ నేనూ మా తమ్ముడూ రోజూ ఆడేవాళ్లం. నిజం చెప్పుకోవాలి, నేను వాడికన్నా బాగా ఆడేవాణ్ణి. ఆ మాటకొస్తే, ఖనిలోనే కాదు, పందెం ఆడదామని జ్యోతినగర్ నుంచి స్కూటర్ల మీద వచ్చిన ఇంజినీర్ల పిల్లలు కూడా నా ముందు నిలిచేవారు కాదు. హైదరాబాదులో రాష్ట్ర పోటీలున్నాయని తెలిసి భాయ్ మా ఇద్దరి పేర్లూ పంపించాడు. సరిగ్గా అప్పుడే గనిలో పనిచేసే మా బాపును డాక్టర్లు మెడికల్ అన్‌ఫిట్ చేశారు. ఆ రోజుల్లో అలా అయితే కొడుకుల్లో ఒకరికి ఆ ఉద్యోగం వచ్చేది. ఇంటికి పెద్దవాణ్ణి, నాకే వచ్చింది. మా వాడకట్టంతా నన్ను చూసి ఈర్ష్యపడింది. మా అమ్మయితే దిష్టి తీసింది. కొత్తగా చేరినవాణ్ణి బదిలీ ఫిల్లర్, అంటే రానివాళ్ల బదులు బొగ్గెత్తేవాడు, అనేవారు, మస్టర్లు, అంటే హాజరీలు, నిండితేనే పర్మినెంటు. ఆటకోసం మస్టర్ పోగొట్టుకుంటానని నోరు తెరిచి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తమ్ముణ్ణి నేనే బస్సెక్కించి, నా క్యూ వాడి చేతికిచ్చి, అటునుంచి అటే డ్యూటీకి పోయాను. ఆ షిఫ్టంతా తట్టలో బొగ్గు ఎత్తుతున్నంతసేపూ వాడు ఓడిపోవాలనే కోరుకున్నాను.

వాడు ఓడిపోయే వచ్చాడు. ఎలా ఓడాడో వింటే మీరూ నవ్వుతారు. ఆఖరి ఫ్రేములో వాడిదే పైచెయ్యిగా ఉందట. అంతలో దగ్గర్లో ఏదో ఫ్యాక్టరీలో సైరన్ మోగింది. మావాడు అలవాటుకొద్దీ క్యూను టేబుల్ మీద పెట్టేసి, వెనక్కి పోయి గోడకు ఆనుకున్నాడు. ఎదుటివాడు, ఎవరో పెద్దింటి పిల్లవాడు, ఇతను ఆట వదులుకున్నాడనుకుని చెయ్యి చాపుతూ వచ్చాడు. అంత పెద్దింటి పిల్లవాడు చెయ్యిస్తే పుచ్చుకోకపోతే బాగుండదని మావాడు ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆట ముగిసింది. “ఆడ బ్లాస్టింగ్ కాలె అన్న, నేనే పేలిపోయిన” అని వాడు చెప్తుంటే భాయ్ కిందపడి దొర్లాడు, మా బాపు దగ్గుతూ దగ్గుతూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాడు ఓడిపోవాలని కోరుకున్నది నేనే, తీరా వాడు ఓడి వస్తే ఆ ఓటమిని చూసి కూడా కుళ్ళుకున్నాను. ఆ హాల్లో దీపాలెట్లా ఉన్నాయో, అక్కడి బట్ట మీద బంతి ఎంత మెత్తగా దొర్లుతుందో, ఎదుటివాడు తనకంటే గొప్పగా ఆడుతుంటే కుర్చీలో కూర్చుని చూడటం ఎట్లా ఉంటుందో వాడికి తెలిసింది. నాకు తెలియలేదు.

తరవాత కూడా వాడు రెండు మూడేళ్లు పోయి ఆడాడు, ఒకటి రెండు గెలిచాడు, మిగతావి ఓడాడు, ఇంక చాలనుకుని మంచిర్యాలలో కరెంటు సామాన్ల దుకాణం పెట్టుకుని హాయిగా ఉన్నాడు. మొన్న జర్మనీవాడి సంగతి ఫోన్లో చెబితే, “మంచిగ ఆడిండు పాపం. పోనీ తియ్యన్న, ఆట అన్నంక ఒకడు ఓడాలె గద” అని తేలిగ్గా తీసేశాడు. ఆ తేలికదనం చూసి కూడా నాకు మంటే. అది ఓడి చూసినవాళ్లకే వస్తుంది.

ఇప్పుడు ఆ మేడ మీద ఫోన్లు అమ్ముతున్నారు. భాయ్ లేడు. షిఫ్టు దిగి నల్లటి మొహాలతో గుంపులు గుంపులుగా వచ్చే జనం పలచబడ్డారు. బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఇప్పటి పిల్లలకు ఎక్కడో జర్మనీలో ఆడే షాటు అరచేతిలో కనపడుతుంది. మనకు హైదరాబాదే ఇంకో దేశంలా ఉండేది, బస్సు టికెట్టు కన్నా సెలవు దొరకడం కష్టంగా ఉండేది. ఈ తేడా తలుచుకున్నప్పుడల్లా పిల్లల మీద కూడా నాకు కొంచెం కుళ్ళు పుడుతుంది, దాచుకోవడం ఎందుకు.

నిన్న సాయంత్రం చౌరస్తాలో టీ తాగుతుంటే, ఒకప్పుడు నాతో పాటే బాయి దిగిన స్నేహితుడొకడు కలిశాడు. శ్రీరాంపూర్ నుంచి వచ్చిన కొత్త అల్లుణ్ణి వెంటబెట్టుకుని ఉన్నాడు. నన్ను చూపించి, “ఈ అన్నను చూసినవా అల్లుడా, స్నూకర్ల ఈయనను ఓడగొట్టినోడు ఇంక పుట్టలె” అన్నాడు గర్వంగా. అల్లుడు మర్యాదగా లేచి నమస్కారం పెట్టాడు. ఎప్పటిలాగే నవ్వి తల ఊపాను. నా స్నేహితుడు చెప్పింది అబద్ధమేమీ కాదు. నన్ను ఓడించగలిగినవాళ్లున్న చోటికి నేను ఒక్కసారైనా పోలేదు.